రెబెకా హాల్లో అమ్మ ముఖం

జింజ్, బహ్రెయిన్
10 మార్చి 2007

ఫిన్నీ,

మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడగడం ఈ ఉత్తరంలో చివరికి పెట్టుకుంటాను. అసలు సంగతి చెప్పకపోతే నాకు కలం కదిలేట్టు లేదు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే నేను అరుస్తాను, నువ్వు "సరిగా వినపడట్లేదక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

నిన్న శుక్రవారం మా తెలుగు సహవాసం ప్రార్థన కూటం రెబెకా వాళ్ళింట్లో జరిగింది. రెబెకా నాతోపాటు స్కూల్లో పనిచేస్తుంది. గుదైబియాలో పాత ఫ్లాటు వదిలేసి ఈ మధ్యే మా వీధి చివరికి మారారు. హాల్లో సోఫా పైన గోడ నిండా ఒకటే బొమ్మ పెట్టింది. ఇప్పుడు ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా ఇదే వెర్రి. కామిక్ పుస్తకంలో ఒక గడి తీసినట్టు తీసి, మనిషంత చేసి, ముఖమంతా ఎర్రచుక్కలు పోసి, కేన్వాసు మీద అచ్చేసి అమ్ముతారు. పాప్ ఆర్ట్. ఎమ్మే చదివేటప్పుడు లైబ్రరీలో విదేశీ పత్రికల్లో ఇలాంటివి చూశాను. అప్పుడు నాకూ సరదాగానే ఉండేది.

ఈ బొమ్మలో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చూపు ఆకాశంలోకి కాదు, నేల మీదికి కాదు, పక్కకి, గుమ్మంలో ఎవరో నిలబడినట్టు. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని చిన్న గీత. చిన్నప్పుడు లాంతరు గాజు తగిలి తెగిందని అమ్మ చెప్పేది, గుర్తుందా?

అది అమ్మే ఫిన్నీ. మన చెల్లి క్రిస్టీనా పోయిన రోజు అమ్మ ముఖం. నువ్వు సంఘం పిల్లల పత్రికలో, చనిపోయిన పిల్లను ప్రభువు లేపిన కథకి బొమ్మలేసినప్పుడు, ఆ పిల్ల తల్లికి పెట్టిన ముఖం. పత్రిక వచ్చిన రోజు అమ్మ దాన్ని చూసి, కళ్ళజోడు తీసేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ముఖం ఇప్పుడు సిగ్గులేకుండా ఒక గోడ మీద ఉంది. దాని కింద కూర్చుని మేం పాటలు పాడాం.

పక్కన తెల్ల బుడగలో ఇంగ్లీషులో ఒక మాట రాశారు. అది ఇక్కడ రాయను. రాస్తే నా చేత్తో నేనే అమ్మని అన్నట్టుంటుంది.

ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. దగ్గరికెళ్తే అన్నీ చుక్కలే, ముఖమే లేదు. దూరం జరిగితే అమ్మ. ఈ వయసులో ఎవర్ని చూసినా అమ్మే కనిపిస్తుందేమో అనుకున్నాను. మీ బావని అడిగితే, "మీ అమ్మగారు కాదులే. ఆవిడెప్పుడు నోరు మూసుకున్నారు కనక?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. కానీ ఆ మాట మాత్రం పట్టుకుంది. నిజమే, అమ్మ అలా చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు నాకూ గుర్తు లేదు.

నీ బొమ్మ ఎవరు దొంగిలించారో కనుక్కో. నీకు తెలియకుండానే జరిగిందని నమ్ముతున్నాను. నమ్మకం చాలకపోతే ఇంకో ఉత్తరం రాస్తాను.

పిల్లలకి ముద్దులు. ఇప్పుడడుగుతున్నాను, ఎలా ఉన్నారు?

తబితక్క


అమీర్‌పేట, హైదరాబాద్
26 మార్చి 2007

అక్కా,

అందరం బాగున్నాం. నువ్వు చివర్లో అడిగినా నేను ముందే చెప్తున్నాను, తరవాత చెప్పే ఓపిక ఉంటుందో లేదో.

ఎవరూ దొంగిలించలేదు. ఆ బొమ్మ నేనే గీశాను. పాతది తీసి ఇవ్వలేదు, కొత్తగా గీశాను. మా స్టూడియోకి గల్ఫ్ నుంచి ఈ గోడ బొమ్మల పని వస్తోంది. అమెరికా కామిక్కులు కాపీ కొడితే కేసులు పడతాయట. అందుకని మా బాస్, "ఆ పద్ధతిలోనే, కానీ ఎవరిదీ కాని ముఖం గియ్యండి" అన్నాడు. ఎవరిదీ కాని ముఖం ఎక్కడుంటుందక్కా? ఏడ్చే ఆడమనిషిని గియ్యమంటే నా చెయ్యి ఒక్క ముఖమే గీస్తుంది. పదేళ్ళప్పుడు చూసిన ముఖం. గీతలు నావి, చుక్కలు కంప్యూటర్ వాళ్ళవి, అచ్చు ఇంకెవరిదో. అదీ పద్ధతి.

సిగ్గులేకుండా గోడ మీద ఉంది అన్నావు. అమ్మ బతికుండగా ఎవరి గోడ మీద ఉంది? మనింట్లో నాన్న ఫొటో ఉండేది, నాన్న స్నేహితులైన మిషనరీ దొరల ఫొటో ఉండేది. అమ్మది ఏది? ఇవాళ మనకి తెలియని వాళ్ళెవరో పొద్దున లేచి ముందు అమ్మని చూస్తున్నారు. నాకైతే అది గొప్పగానే ఉంది.

ఇక బెలూన్‌లో మాట. అది అమ్మదే. అమ్మ నోటి నుంచి వచ్చిందే ఇంగ్లీషు చేసి రాశాను. నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు, నువ్వూ విన్నావు. అది రాయడానికి నీకు చెయ్యెందుకు రావడం లేదో నాకు తెలుసు. ఇంట్లో పెద్దకూతురివి. పరువు నీ భుజం మీద ఉంటుంది ఎప్పుడూ.

బొమ్మ బాగా పోతోందట. అదే ముఖంతో ఇంకో ఆరు అడిగారు. మొదలుపెట్టాను.

బావగారికి నమస్కారాలు. జోకు బాగుంది.

ఫిన్నీ


జింజ్
8 ఏప్రిల్ 2007

ఫిన్నీ,

నీ ఉత్తరం చదివి నడుం వాల్చాను. లేచి మళ్ళీ చదివాను. మళ్ళీ అదే ఉంది.

అమ్మ అందా? ఆ మాట అమ్మ అందా? క్రిస్టీనా పెట్టెలో ఉంటే, అమ్మ గుమ్మం వైపు చూస్తూ ఆ మాట అందా? తాగి రాశావా? లేక నన్ను గిల్లాలనే రాశావా? చిన్నప్పుడు నన్ను ఏడిపించి పక్క గదిలోకి పోయి నవ్వేవాడివి. ఇప్పుడు నీ పక్కగది హైదరాబాద్‌లో ఉంది, అంతే తేడా.

గురువారం స్కూలు నుంచి నేరుగా ఆ బొమ్మలమ్మే కొట్టుకి వెళ్ళాను. హారిస్ అని నిజామాబాద్ అబ్బాయి చూసుకుంటాడు. తెలుగులో అడిగేసరికి కుర్చీ లాగి వేశాడు.

"కూసోండి మేడం. ఏడ్చే అమ్మనా? గా బొమ్మ మస్తు పోతున్నది. మొన్న దంతాల డాక్టర్ గూడ తీస్కపోయిండు, క్లినిక్‌ల పెట్టనీకి."

"దాని మీద ఆ మాట ఎవరు రాశారు?"

"మాటనే కదా మేడం అమ్ముడుపోయేది! ఉత్త ముఖమైతే ఎవలు కొంటరు? ఏడుపు సూడనీకి పైసలిస్తరా ఎవరన్న? మాట సదివి నవ్వాలె, నవ్వినంక కొనాలె. ఖలాస్."

"ఆవిడ మా అమ్మ. గీసింది మా తమ్ముడు."

నా ముఖం చూశాడు, బొమ్మ చూశాడు. పాపం, అతను నవ్వలేదు. "అల్లా కసమ్, నాకెర్క లేదు మేడం. మీ తమ్ముడు గీసిండంటున్నరు, మరి గాయన్నే అడగరాదు?" అన్నాడు. లేచి వచ్చేశాను. దంతాల డాక్టర్ దగ్గర! పళ్ళు పీకించుకోవడానికి కూర్చున్న వాళ్ళు అమ్మని చూసి నవ్వుకుంటారన్నమాట.

నీకు నా మాట ఎలాగూ పట్టదు కనక ప్రేమయ్య బాబాయికి రాశాను. పత్రిక ఆయనది, మొదట అచ్చేసింది ఆయన. సంఘం కోసం గీసిన బొమ్మని, అమ్మ ముఖాన్ని, ఒక వెకిలి మాట తగిలించి అమ్ముతున్నావని రాశాను. నీకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నాను.

ఇంకో ఆరు గియ్యకు. బతిమాలడం లేదు, చెప్తున్నాను. గీస్తే నాకు తమ్ముడు లేడు.

తబిత


అమీర్‌పేట
25 ఏప్రిల్ 2007

తబితక్కకి,

నాలుగు మంచి మాటలు చెప్పాడు బాబాయి. మొన్న చీరాల వెళ్తే ఆదివారం ఆరాధనలో నీ ఉత్తరం తీసి అందరి ముందూ చదివాడు. "మన సత్యకుమారమ్మ కొడుకు తల్లిని బజారున పెట్టాడు, ఈ కుమారుని కొరకు ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప. నా కూతురు నా చొక్కా పట్టుకుని, "నాన్నా, మనం ఏం చేశాం?" అంది. సంతోషమేనా?

ఎవరికి రాశావో నీకు తెలుసా అసలు? ఆ కథకి నేను మొదట వేసిన బొమ్మలో అమ్మ నోరు తెరిచి అరుస్తూ ఉంటుంది. బెలూన్‌లో "ఇప్పుడా మీరొచ్చేది?" అని ఉంటుంది. అమ్మ నాన్నతో అన్న మాట. రెండు టెలిగ్రాములిచ్చినా నర్సాపురంలో సువార్త కూటాలు ముగించుకుని, శవపెట్టె మూసేశాక గుమ్మంలో నిలబడిన నాన్నతో అన్న మాట. బాబాయి ఏం చేశాడు? "విశ్వాసి అయిన స్త్రీ భర్తని అలా అనదు బాబూ" అని నా ఎదురుగానే ఆ మాట మీద తెల్లరంగు పూశాడు. నోరు అసహ్యంగా ఉంది, చెయ్యి అడ్డం పెట్టమన్నాడు. పెట్టాను. నాకు ఇరవై రెండేళ్ళు, పత్రికలో బొమ్మ పడితే చాలనుకున్నాను.

ఇన్నేళ్ళకి ఆ మాట ఆ బెలూన్‌లో రాసే అవకాశం వస్తే రాశాను. అడిగేవాళ్ళు లేరు, అడ్డం పడే సంఘం లేదు. ఇప్పుడు నువ్వొచ్చావు, బాబాయి తెల్లరంగు పట్టుకుని. వెకిలి మాటట! అమ్మ కడుపులోంచి వచ్చిన మాట నీకు వెకిలిదయింది. నాన్న పేరు పాడవుతుందని కదూ? సువార్తికుడు గారి పెద్దమ్మాయివి కదూ?

తమ్ముడు లేడన్నావు. సరే.

ఫిన్నీ


జింజ్
6 మే 2007

ఫిన్నీ,

నువ్వు ఈ ఉత్తరం చింపేస్తావేమో. చింపేముందు ఈ ఒక్క పేరా చదువు.

రెబెకా గోడ మీద, అమ్మ పక్కన బుడగలో ఉన్న మాట ఇది. తెలుగులో రాస్తున్నాను: "అయ్యో! సేల్ నిన్నటితో అయిపోయిందట!"

అంతే. ఇంకేమీ లేదు. ఇక్కడి మాల్స్‌లో తగ్గింపు ధరల రోజులు దాటిపోయాయని ఆవిడ ఏడుస్తోంది. అందుకే అందరూ నవ్వుతారు. మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. రాయడానికి మనసొప్పలేదు. నువ్వేమో అది నువ్వు రాసిందే అనుకుని నాతో ఇన్నాళ్ళు పోట్లాడావు. నేనేమో ఈ చెత్తని అమ్మ అన్నదంటున్నావని నిన్ను శపించాను.

బాబాయికి రాశాను, ఇంకో ఉత్తరం. దీన్ని కూడా ఆరాధనలో చదవండి అని పైనే రాశాను. చదవడు, నాకు తెలుసు.

నాన్నని నేను కాపాడుతున్నానన్నావు. నీకు అప్పుడు పదేళ్ళు, నాకు పదిహేను. ఆ అరుపు నీకు చెవిలో పడింది, నాకు ఒంట్లో పడింది. నేను అమ్మని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాను. అరుస్తుంటే ఆవిడ వీపు ఎలా అదిరిందో నాకు తెలుసు. నాన్న తల వంచుకుని "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరూ మోకాళ్ళూనారు. అమ్మ ఊనలేదు. నేను ఊనాను. ఆవిడని వదిలేసి ఊనాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు. అందరూ వంగితే నేనూ వంగాను.

కానీ నా కోపం తగ్గలేదు, అలా అనుకోకు. ఒకటి అడుగుతాను. పత్రికలో చెయ్యి అడ్డం పెట్టమన్నది బాబాయి. స్టూడియోలో ఎవరు పెట్టమన్నారు? ఎవరూ అడగని చోట, అడ్డం పడే సంఘం లేని చోట, అమ్మ నోరు ఎందుకు మళ్ళీ మూశావు? మాట బుడగలో పెట్టి నోరు మూస్తే, బుడగలో ఎవడికి తోచింది వాడు రాసుకుంటాడు. రాసుకున్నారు.

జవాబు రాయి. చిన్నదైనా సరే.

అక్క


అమీర్‌పేట
20 మే 2007

అక్కా,

నీ ఉత్తరం స్టూడియోకి పట్టుకెళ్ళి బాస్ బల్ల మీద పెట్టాను. తెలుగు రాదతనికి. నేనే చదివి చెప్పాను. "అరె, బెలూన్ వేరే లేయర్ కదా ఫిన్నీ, బొమ్మ మీద విడిగా పెట్టే పొర! మనం పెట్టేది నమూనా మాట. క్లయింటు తనకి కావలసింది వేసుకుంటాడు. నీకు తెలీదా?" అన్నాడు. నాకు తెలుసు. అన్ని బొమ్మలకీ అంతే అని తెలుసు. దీనికి అలా జరగదని ఎందుకనుకున్నానో తెలియదు.

మిగతా ఆరూ గియ్యనన్నాను. "సరే, గియ్యకు. ముఖం ఫైల్ మన దగ్గరే ఉంది, ఇంకొకడు చేస్తాడు" అన్నాడు. చేస్తున్నాడు. నా వెనక కుర్చీలో కుర్రవాడు. మంచివాడే. అమ్మ చేతికి ఒకదాంట్లో ఫోను పెట్టాడు, ఒకదాంట్లో కాఫీ కప్పు. "అన్నా, కన్నీటి చుక్క ఇంకాస్త పెద్దది చెయ్యనా?" అని నన్నే అడుగుతున్నాడు. కుర్చీ విరగ్గొట్టాలనిపించింది. వాడి మీద కోపం కాదు. ఎవరి మీదో కూడా తెలియదు.

నోరెందుకు మూశానని అడిగావు. మొదట తెరిచిన నోరే గీశాను. పళ్ళు, నాలుక, దవడ అన్నీ సరిగానే వచ్చాయి. చూడలేకపోయాను. చెయ్యి గీసేశాక పని సాగింది. బాబాయి అవసరం లేకుండానే అలవాటైపోయింది.

నేను మానేసినా అమ్మ మీ ఊళ్ళో గోడల మీద అలాగే ఉంటుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పు.

ఫిన్నీ


జింజ్
2 జూన్ 2007

ఫిన్నీ,

చదువుకున్నదాన్నే. లాయరుకి రాయాలా, హారిస్ కొట్టులో ఉన్నవన్నీ కొనేసి చింపెయ్యాలా అని వారమంతా ఆలోచించాను. ఆలోచనలు నాకు బాగానే వస్తాయి, ఒక్కటీ లేచి నడవదు. హారిస్ మాత్రం కొట్టు కిటికీలోది తీసి లోపల పెట్టాడు. "ఇంతే జేయగల్త మేడం, కొట్టు నాది గాదు, మా సేటుది, కఫీల్‌ది" అన్నాడు.

రెబెకాని గోడ మీంచి తీసెయ్యమన్నాను. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. "అక్కా, మీ బాధ నాకర్థమైంది, కానీ నా హాలంతా దాని రంగులకే సర్దుకున్నాను. కర్టెన్లు కూడా ఆ ఎరుపే. అయినా అది మీ అమ్మగారని ఎవరికి తెలుస్తుంది చెప్పండి?" అంది.

ఎవరికి తెలుస్తుంది? ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది.

నిన్న సహవాసం మళ్ళీ వాళ్ళింట్లోనే. సాక్ష్యాల సమయం వచ్చింది. మన పద్ధతి నీకు తెలుసు. ఎవరైనా లేచి తమ కష్టం చెప్పుకోవచ్చు, ఎంతసేపైనా ఏడవచ్చు, కానీ చివర్లో ప్రభువు చేసిన మేలు చెప్పి స్తోత్రం అనాలి. అనగానే అందరూ అందుకుని పాటెత్తుకుంటారు. స్తోత్రం రాకుండా సాక్ష్యం ముగియడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాన్న క్రిస్టీనా మీద చెప్పిన సాక్ష్యం కూడా అలాగే ముగిసేది. ఊరూరా చెప్పాడు.

నేను లేచాను. బొమ్మ కింద నిలబడి చెప్పాను. ఈమె సత్యకుమారి, మా అమ్మ. ఈమె సేల్ కోసం ఏడవడం లేదు. ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోతే, కూటాలు ముగించుకుని వచ్చిన భర్తని "ఇప్పుడా మీరొచ్చేది?" అని అరిచింది. ఆ మాట మీద ఒకసారి సంఘం తెల్లరంగు పూసింది. ఇంకోసారి వ్యాపారం పూసింది. నోటి మీద చెయ్యి నా తమ్ముడు పెట్టాడు. ఆవిడ అరుస్తున్నప్పుడు నేను వదిలేసి మోకాళ్ళూనాను.

నీ పేరు చెప్పాను. నీకు కోపం వస్తే రానీ.

అంతా చెప్పి కూర్చున్నాను. కూర్చోగానే అందరూ నా వైపు చూశారు. గిటారు పట్టుకున్నాయన వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. రెబెకా నా చెవిలో, "అక్కా, ఒక్క వాక్యం. ప్రభువు ఆదరించాడని ఒక్క వాక్యం చెప్పెయ్యండి, పాట మొదలెడతాం" అంది.

"చెప్పను" అన్నాను.

"మరి ఎలా ముగిస్తాం?"

"ఇది ముగియలేదు కదా."

మీ బావ నేల చూస్తున్నారు. సిత్రా రిఫైనరీలో ఆయనతో పనిచేసేవాళ్ళు ముగ్గురున్నారక్కడ, ఆయన సిగ్గుపడుతున్నారనుకున్నాను. తరవాత చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు ముత్తెమ్మ లేచింది. గుదైబియాలో రెండిళ్ళలో వంట చేస్తుంది, సహవాసంలో ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చుంటుంది, నోరు విప్పగా నేను చూడలేదు. "నాకూ ఒకటుందమ్మా, దానికీ సోత్రం లేదు. చెప్పొచ్చా?" అంది. పాస్టరు గారు రెబెకా వైపు, రెబెకా పాస్టరు గారి వైపు చూశారు. ఆవిడ వాళ్ళ అనుమతి కోసం ఆగలేదు, చెప్పింది. ఏం చెప్పిందో నీకు రాయను, అది ఆవిడది. ఆవిడ కూర్చున్నాక కూడా పాట లేదు. టీ తాగకుండానే ఇళ్ళకి వెళ్ళాం.

ఇప్పుడు మళ్ళీ నా పాత జబ్బు మొదలైంది. అందరి ముందూ అమ్మని నేను కూడా వాడుకున్నానా? బాబాయి నీ మీద చదివినట్టే నేనూ నీ మీద చదివానా? అయ్యుండొచ్చు. ఆ తేడా నాకు సరిగ్గా తెలిస్తే బాగుండు. తెలియకపోయినా లేచాను కదా అనుకుంటున్నాను.

ఆ కుర్చీలో కుర్రవాడితో ఆ ముఖం ఎవరిదో చెప్పు. ఏ గొడవా పడకు, చెప్పు చాలు. ఆ తరవాత కూడా వాడు ఫోనూ కప్పూ పెడితే పెట్టనీ, తెలిసి పెడతాడు.

పొద్దున పాస్టరు గారు ఫోన్ చేశారు. రెబెకా ఇబ్బంది పడుతోంది, వచ్చే శుక్రవారం సహవాసం మీ ఇంట్లో పెట్టుకుందామా అన్నారు. ఒద్దన్నాను. రెబెకా ఇంట్లోనే, ఆ హాల్లోనే పెట్టమన్నాను. బొమ్మ తియ్యక్కరలేదన్నాను. నేను దానికి ఎదురుగా కూర్చుంటాను. ఎవరైనా ఆ మాట చదివి నవ్వితే మళ్ళీ లేస్తాను.

తబిత